నీటికాకి మెడలో తాడు

అనగనగా ఏడు సముద్రాల అవతల, పొద్దు అందరికంటే ముందు పొడిచే జపాన్ దీవుల్లో ఒక దీవిని నోరిమాస అనే రాజు ఏలేవాడు. ఆయన కొలువులో అందరూ సమురాయ్‌లే. సమురాయ్ అంటే కత్తే ప్రాణంగా బతికే వీరుడు. తిండైనా మానేస్తాడుగానీ, నడుము నుంచి కత్తి దించడు.

రాజుకు ముగ్గురు కొడుకులు: తకెహారు, మొతొనోబు, కియోసాతో.

ఇలా ఉండగా గెన్‌కాకు అనే మాంత్రికుడు ఆ దీవి చుట్టూ మంచుతెర కట్టాడు. వెళ్ళిన పడవ తిరిగి రాదు. బయటి ఓడ లోపలికి రాదు. రేవులో వలలు ఎండిపోయాయి, పిల్లల కడుపులు మాడిపోయాయి.

పెద్దవాడు పొడుగు కత్తితో మాంత్రికుడి కొండకు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపివాడు రెండు కత్తులతో వెళ్ళాడు, వాడూ రాలేదు. చివరికి చిన్నవాడు కియోసాతో బయల్దేరాడు.

"కత్తి జాగ్రత్త నాయనా," అన్నాడు రాజు. "అది లేకుండా వస్తే ఈ గడప తొక్కకు."

దారిలో వెదురు పొదల మధ్య ఒక నక్క ఉచ్చులో పడి మూలుగుతోంది. కియోసాతో ఉచ్చు విప్పాడు.

"నాకు మేలు చేశావు, నీకో మాట చెబుతా విను," అంది నక్క. "కొండ మీద సరస్సుంది. దాని నడుమ బండ మీద ఒక నీటికాకి ఉంది. మాంత్రికుడి ప్రాణం దానిలోనే ఉంది. చేప మింగకుండా వాడు దాని మెడకు తాడు బిగించాడు. ఆ తాడు విప్పినవాడి మాట అది వింటుంది. కానీ ఇనుము కనబడితే మునిగిపోతుంది. అప్పుడెగిరే నీళ్ళు మీద పడ్డవాడు రాయైపోతాడు. మీ అన్నలకు జరిగిందదే."

సరస్సు ఒడ్డున ఒత్సునే అనే జాలరి పిల్ల పడవతో కూర్చుని ఉంది.

"బండ దగ్గర దించుతావా?" అని అడిగాడు కియోసాతో.

"మా నాన్న మంచులో చిక్కుకుపోయాడు బాబూ. ఆయన వస్తాడంటే ఎక్కడికైనా దించుతాను," అంది.

కియోసాతో కత్తి తీసి ఒడ్డున గడ్డిలో పెట్టాడు. ఆ తళుకు చూసి నీటికాకి తల నీళ్ళలోకి వంచింది.

"అయ్యో, కనబడుతోంది!" అంది ఒత్సునే.

కియోసాతోకు తండ్రి మాట గుర్తొచ్చింది. అయినా కళ్ళు మూసుకుని కత్తిని లోయలోకి విసిరేశాడు.

వట్టి చేతులతో వెళ్ళి తాడు విప్పాడు. నీటికాకి ఇన్నాళ్ళకు ఒక చేపను కడుపారా మింగి, అతని భుజమెక్కింది.

మాంత్రికుడు రొప్పుతూ వచ్చాడు. "నా పక్షిని నాకిచ్చెయ్!"

"మా అన్నలను బతికించు. మంచుతెర తియ్."

ప్రాణం మీదికొస్తే ఏం చేస్తాడు? అన్నీ చేశాడు. అప్పుడు కియోసాతో, "ఇక నీ ఇష్టం, ఎగిరిపో," అన్నాడు పక్షితో. అది దీవులు దాటి ఎగిరిపోయింది. ప్రాణం ఎటు పోతే మనిషీ అటే గదా! మాంత్రికుడు దాని వెనకే పరుగెత్తాడు, మళ్ళీ కనబడలేదు.

కియోసాతో ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డాడు. రాజు అతని వట్టి నడుము చూశాడు. తిన్నగా రేవుకు నడిచాడు. అక్కడ పడవలు తిరిగొస్తున్నాయి. ఒత్సునే తండ్రిని పట్టుకుని ఏడుస్తోంది. పిల్లలు వేడివేడి చేపలు ఊదుకుంటూ తింటున్నారు. రాజు చాలాసేపు చూశాడు.

తిరిగొచ్చి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "లోపలికి రా నాయనా. రాజ్యం నువ్వే ఏలాలి."

"అవును, వాడే ఏలాలి," అన్నారు అన్నలిద్దరూ.

కియోసాతో ఒత్సునేను పెళ్ళాడాడు. అతని ఏలుబడిలో సమురాయ్ బిడ్డలూ జాలరి బిడ్డలూ ఒకే బడిలో చదువుకున్నారు. రేవులోకి దూరదేశపు ఓడలొచ్చాయి. కొండ కింద పొగబండి కూత పెట్టింది. ఆ దంపతులు తల నెరిసేదాకా సుఖంగా ఏలారు. వాళ్ళ కథ కంచికి, మీరిక పక్కల మీదికి!