దాలినాయుడి ఇంజెక్షన్

దాలినాయుడి కాళ్ళు ఎందుకు కరిగిపోతున్నాయో మా పెద్దాసుపత్రి మొత్తానికి నాకొక్కడికే తెలుసని నా ధీమా.

ఆ రోజుల్లో నేనంటే ఏమనుకున్నారు! రోగి మెట్లెక్కుతుంటే చెప్పుల చప్పుడు విని, జబ్బు ఏ కాలిదో గదిలోంచే చెప్పేసేవాణ్ణి. విశాఖపట్నం నుంచి బరంపురం దాకా నరాల డాక్టర్లంతా నన్ను చూడగానే లేచి నిలబడేవారు. మా గురువుగారు సోమయాజులు గారు మాత్రం కూర్చునే ఉండేవారు.

దాలినాయుడు గూడ్సు షెడ్డులో బస్తాలు మోసే కలాసీ. నలభై నిండలేదు. తొడలు సన్నబడ్డాయి. చేతుల్లో వణుకు. నాలుక మీద పురుగులు పాకినట్టు కదలిక. రొమ్ములు కాస్త ఉబ్బాయి. ఒక్క చూపులో తేల్చేశాను: మగ హార్మోను తక్కువైంది.

"గురువుగారూ, కండల్ని కదిలించే నాడీకణాలు వెన్నుపాములో ఉంటాయి కదా. వాటికి ఈ హార్మోనే తిండి. మగ ఎలుకకి అది లేకుండా చేస్తే కొన్ని కణాలు చిక్కిపోతాయి, తిరిగి ఇస్తే బలుస్తాయి. పదివేల ఎలుకల్లో కళ్ళారా చూశాను!"

"పదివేలే?"

"ఓ వంద తక్కువేమో."

మర్నాడు పొద్దున వార్డంతా చూస్తుండగా సిరంజి నింపాను. దాలినాయుడి అక్క ఆదెమ్మ మంచం పక్కనే నిలబడి ఉంది.

"బేగి సూదెయ్యండి బాబూ," అన్నాడు దాలినాయుడు. "మేస్త్రీ నా జాగాలో ఇంకొకణ్ణి పెట్టేత్తన్నాడు."

"నెల తిరగనీ. ఒక్కో భుజం మీద ఒక్కో బస్తా మోస్తావు!" అన్నాను.

సూది చర్మానికి బెత్తెడు దూరంలో ఉంది.

"ఆగవోయ్," అన్నారు గురువుగారు గుమ్మంలోంచి. వచ్చి నా చెయ్యి పట్టుకోలేదు. నా వైపు చూడనైనా లేదు. "నాయుడూ, ఆదెమ్మా, ఇద్దరూ కింద గొంతుక్కూర్చోండి."

కూర్చున్నారు.

"ఇప్పుడు చేతులు ఆన్చకుండా లేవండి."

ఆదెమ్మ లేచింది. దాలినాయుడి మోకాళ్ళు వణికాయి. సగం లేచాడు. పళ్ళు బిగించాడు. దబ్బున కూలబడ్డాడు. ఆదెమ్మ వాడి చంకల కింద చేతులేసి, మనిషిని అమాంతం లేవనెత్తి మంచం మీద కూర్చోబెట్టింది.

"నీకేమీ బాధల్లేవా తల్లీ?"

"అప్పుడప్పుడూ పిక్కలు పట్టేత్తాయి బాబూ. అంతే."

"మీ నాన్నకి?"

"ఈడికి లాగే కాళ్ళు పోనాయి. మా అయ్య మా అమ్మకి సొంత మేనమామే బాబూ."

గురువుగారు జేబులోంచి రెండు కాగితాలు తీసి నా చేతిలో పెట్టారు. అక్కాతమ్ముళ్ళకి ఆయన ముందే చేయించిన రక్తపరీక్షలు. పుట్టుకతో వచ్చిన దోషం ఇద్దరిలోనూ ఒకటే. తమ్ముడికి తల్లి నుంచి వచ్చింది ఒక వంతే; ఈ దోషం తండ్రి నుంచి కొడుక్కి దిగదు. అక్కకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. అడుగున ఇంకో వరుస ఉంది: దాలినాయుడికి మగ హార్మోను తక్కువ కాలేదు. సరిపడా ఉంది.

"రెండు వంతులున్న మనిషి నిలబడింది," అన్నారాయన మెల్లగా. "ఒక వంతున్నవాడు పడ్డాడు. వాడి ఒంట్లో నిండుగా ఉండి, ఆమె ఒంట్లో ఏ కొంచెమో ఉండేది ఏమిటోయ్?"

నా చేతిలోని సిరంజి చూశాను. వాడి కాళ్ళని కరిగిస్తున్న ఆ మగ హార్మోనే అందులో నిండుగా ఉంది. మూత పెట్టేశాను.

"ఏటయింది బాబూ?" అన్నాడు దాలినాయుడు. "సూదెయ్యరా? మళ్ళీ బస్తా మోత్తానా, మొయ్యనా?"

గురువుగారి వైపు చూశాను.

"నువ్వే చెప్పు," అన్నారు.

అన్ని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి, 'మొయ్యలేవు' అన్న ఒక్క మాట చెప్పడానికి వాడి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.