వీపు తొక్కించుకునే నడుముగట్టు తల్లి

రెండు గుట్టల నడుమ, తుమ్మలవంకకు అడ్డంగా పడుకున్నట్టుండే ఈ మట్టికట్టను నడుముగట్టు అంటారు. కట్టకు ఎగువన చెరువు, దిగువ పల్లంలో దిగువపల్లె. చెరువు ప్రభుత్వానిది కాదు, దేవస్థానానిదీ కాదు. కదిరమ్మ వంశస్థుల సొంత ఆస్తి. దీని కింద ఒక్క మడి కూడా పారదు. ఈత కొట్టడానికి, పడవల్లో తిరగడానికి, గట్టున కూర్చుని బొరుగులు తినడానికే ఉన్న నీళ్ళివి. అమ్మవారికి గోపురం లేదు. కట్ట నడిమధ్యన బోర్లా పడుకుని, చెక్కిలి నీటివైపు ఆనించి ఉన్న నల్లరాయే మూలమూర్తి. భక్తులు ఆ తల్లి వీపు మీద కాలు పెట్టి మొక్కుతారు. కొత్తగా వచ్చినవారు నివ్వెరపోవడం సహజం. వారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ వంక తప్ప చెరువు లేదు. ఈ భూమి కదిరమ్మ అనే ఆమెది. చిన్నప్పటినుంచి ఆమెకు ఒకటే కోరిక, నీళ్ళలో ఈదాలని. ఆడపిల్లకు ఈతేమిటని పుట్టింట్లో, కోడలికి ఈతేమిటని అత్తింట్లో నోరు మూయించారు. భర్త పోయి పొలం తన చేతికి రాగానే ఆమె వంకకు అడ్డంగా మట్టి పోయించడం మొదలుపెట్టింది.

"పంటకు చెరువు విన్నాం, గొడ్డుకు కుంట విన్నాం. ఆటకు చెరువేందమ్మా?" అని దిగువపల్లె పగలబడి నవ్వింది. మగవాళ్ళ పేకాటకు చావడి కట్టినప్పుడు మాత్రం ఆ ఊళ్ళో ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ నవ్వు కదిరమ్మకు లోలోపల గుచ్చుకుంది. నవ్వినవాళ్ళ కాలు తన కట్ట మీద పడకూడదని చుట్టూ ముళ్ళకంప నాటించింది. గొర్రె ఎక్కితే కర్ర తీసింది. పిల్లలు తొంగిచూస్తే గద్దించింది. పోసిన మట్టి మీద ఒక్క అడుగూ పడక అది దుమ్ముకుప్పలా వదులుగానే ఉండిపోయింది. తొలి వానాకాలానికే కట్ట తెగింది. అమ్మవారికి కోపం వచ్చిందని పెద్దలు అంటే ఆమె దున్నపోతును బలిచ్చి మళ్ళీ మట్టి పోయించింది. మరుసటి ఏడు కూడా తెగి, పల్లెలో గొడ్లు కొట్టుకుపోయాయి. ఇంకొక్కసారి తెగితే కట్టను ఆనవాలు లేకుండా తవ్వేస్తామని ఊరు తీర్మానించింది.

మూడో ఏడు తొలకరి పడి, మళ్ళీ పోయించిన మట్టి తడిసింది. కట్ట మీద అప్పుడే వేలు పట్టేంత బీటలు. ఇంకేం మొక్కాలో తోచక, మధ్యాహ్నం కానుగచెట్టుకు ఆనుకుని కూర్చున్న కదిరమ్మకు కునుకు పట్టింది. కలలో కట్ట పొడవునా ఒక ఆడమనిషి బోర్లా పడుకుని మూలుగుతోంది. చీరంతా మట్టి.

"ఏమే కదిరమ్మా! నీ నీళ్ళు ఆపీ ఆపీ నడుం పట్టేసింది. ఎవరన్నా వచ్చి తొక్కుతారేమోనంటే చుట్టూ ముళ్ళకంప నాటితివే! దున్నపోతు నెత్తురు నేనేం చేసుకోను? ఊరిని పిలిచి నా వీపు తొక్కించు. తొక్కిస్తే ఉంటా, లేకుంటే లేచి పోతా."

కదిరమ్మ ఉలిక్కిపడి లేచింది. కొండల మీద మబ్బు కమ్ముకొస్తోంది. ఉత్త చేతులతో ముళ్ళకంప పీకి పారేసి, ఆ నెత్తుటి చేతులతోనే దిగువపల్లెకు పరుగెత్తింది. తాను తరిమిన మనుషుల గడపల ముందు నిలబడి అడగడం ఆమెకు చావులా ఉంది. అయినా కల సంగతి చెప్పి అడిగింది.

ఊరిపెద్ద చౌడప్ప మండిపడ్డాడు. "నిన్నటిదాకా మా గొర్రె కాలు పెడితే కర్ర తీస్తివి. ఈ పొద్దు అమ్మోరి వీపే తొక్కమంటావా? కళ్ళు పోతాయి మాకు!"

"కర్ర తీసిన మాట నిజమే చౌడప్పన్నా. ఆ కోపం నా మీద చూపించు, తర్వాత ఎంతైనా తిట్టు. ముందు పిల్లల్ని పంపు," అని ఆమె చేతులు జోడించింది.

ఊరందరికీ పురుళ్ళు పోసిన సిద్దమ్మవ్వ అరుగు మీద నుంచి అందుకుంది. "ఒరే చౌడప్పా, మీయమ్మ నడుం పట్టుకుంటే వీపెక్కి తొక్కలేదంట్రా నువ్వు? అప్పుడు కళ్ళు పోయినాయా? కన్నతల్లికి తొక్కితే సేవ, ఈ తల్లికి తొక్కితే పాపమా?"

పిల్లలు కిసుక్కున నవ్వి పరుగు తీశారు. వెనకాల ఆడవాళ్ళు, ఆ వెనక మగవాళ్ళు, గొర్రెలు, ఎద్దులు. అందరికన్నా చివర చౌడప్ప చెప్పులు చేతబట్టుకుని కట్టెక్కాడు. తడిమట్టి మీద కోలాటం వేశారు, చిందులు తొక్కారు. మట్టి దిగిన చోటల్లా కొత్త మట్టి పోసి మళ్ళీ తొక్కారు. బీటలు పూడాయి, కట్ట రాయిలా బిగిసింది. సాయంత్రానికి వంక పొంగి వచ్చి, కట్టను తాకి, నిలిచిపోయింది.

తెల్లవారి చూస్తే కట్ట నడుమ బోర్లా పడుకున్న నల్లరాయి కనిపించింది. కదిరమ్మ దాని పాదాల దగ్గర తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. తర్వాత నీళ్ళలోకి దిగింది. కోరికే తప్ప ఆమెకు ఈత రాదు కదా! దిగువపల్లె పిల్లలే గడ్డం కింద చేతులు పెట్టి ఆమెను తేల్చారు.

నేటికీ పడవ ఎక్కేవారు ముందుగా చెప్పులు విడిచి కట్ట ఈ చివర నుంచి ఆ చివరికి తొక్కుతూ నడవాలి. భక్తులు సంకోచించవద్దు, పాదం పెట్టడమే ఇక్కడ పూజ. ఇక్కడ బలులు లేవు. నడుము నొప్పులు తగ్గుతాయని, కట్టుకున్న ఇల్లు గట్టిగా నిలుస్తుందని భక్తుల నమ్మకం.

ఏటా తొలకరి పడిన మరునాడు కదిరమ్మ వంశస్థులు, ఎంత పెద్దవారైనా సరే, వట్టి కాళ్ళతో దిగువపల్లెకు వెళ్ళి ఒక్క ఇల్లూ వదలకుండా ప్రతి గడప ముందూ ఆగుతారు. "మా అమ్మకు నడుం నొప్పిగా ఉంది, మీ పిల్లల్ని పంపండి తల్లీ," అని అడుగుతారు. ఆ పిలుపుకు ఇంతవరకు ఏ తలుపూ మూసుకోలేదు.