దాలయ్య అడుగుల రైలు

అనగనగా, అరకు కొండల మొదట్లో ఒక ఊళ్ళో దాలయ్య అని ఒక కీమాన్ ఉండేవాడు. కీమాన్ అంటే ఎవరంటావా అమ్మలూ? పట్టాల వెంబడి నడిచి, అవి కదలకుండా పట్టే ఇనప కీలు వదులైతే సుత్తితో బిగించేవాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కొండమీద మూడో సొరంగం పక్కనే వాళ్ళ ఇల్లు. పొద్దున్నే గూడ్సుబండిలో కిందికి దిగేవాడు. అక్కణ్ణించి అడుగులు లెక్కపెట్టుకుంటూ, కీలు చూసుకుంటూ ఇంటికెక్కేవాడు. ముప్ఫై ఏళ్ళు అంతే.

ఆ తర్వాత ఉద్యోగం అయిపోయింది, కింద ఊళ్ళోకొచ్చేసేరు. ఆ ఇల్లేమో వానలకి కూలిపోయింది.

అప్పుడు వాళ్ళావిడ నూకాలు కళ్ళకి పొరలు కమ్మేయి. డాక్టరు చూసి, "ఆలస్యం చేసేరు. ఆపరేషన్ చేస్తే చూపు రావచ్చు, ఉన్న మసకా పోవచ్చు. వచ్చే శుక్రవారం రండి" అన్నాడు.

నూకాలు ఏడవలేదు. "పోతే పోనీ. ఒక్కసారి కొండమీద మనిల్లు సూస్తే బాగుణ్ణు" అంది. లేని ఇల్లు దాలయ్య ఎక్కణ్ణించి తెస్తాడు, పాపం?

తేలేడు గనక కట్టడం మొదలెట్టేడు. అటకమీది పాత తలుపు దింపి పీటలమీద పరిచేడు. తడి కాగితాలు మైదా జిగురులో ముంచి కొండలు చేసేడు. పాత గొడుగు చువ్వలు పట్టాలు, అగ్గిపుల్లలు వాటి కింద అడ్డంగా వేసే స్లీపర్లు. రంపపు పొట్టులో పసుపు కలిపి చల్లితే వలిసె పూలు పూసినట్టే ఉంది. జాతరలో కొన్న, కీ ఇస్తే నడిచే బొమ్మ రైలుంటే దాన్ని తుడిచి పెట్టేడు. దూరాలన్నీ తన లెక్కే. వంద అడుగులకి ఒక వేలి వెడల్పు.

మొదటి సొరంగం కుదిరింది. రెండోదీ కుదిరింది. మూడోది పెట్టేసరికి తలుపు అయిపోయింది! ఇంటికి జానెడు జాగా లేదు. అది గురువారం మధ్యాహ్నం. సాయంత్రం బస్సుకి ఆసుపత్రికి పోవాలి.

దాలయ్య చెక్కముక్క కోసం వడ్రంగి దగ్గరికి పరుగెత్తేడు. కొట్టుకి తాళం, పెళ్ళికెళ్ళేడట. తిరిగొచ్చి కొండల్ని దగ్గరికి జరిపేడు. మలుపు ఇరుకై రైలు బోర్లాపడింది. మళ్ళీ విప్పి ఎప్పట్లా పెట్టేడు. అప్పుడు, ఒక సొరంగం తీసేద్దామా అనుకున్నాడు. తీసేస్తే ఊరుకుంటుందా ఆవిడ? ఆ సొరంగాలనే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి చూపిస్తూనేగా పిల్లల్ని పెంచింది! చేతిలో తను చేసిన అగ్గిపెట్టె అంత బొమ్మ పెంకుటిల్లు పట్టుకుని కూలబడ్డాడు.

గోడ పట్టుకుని నూకాలు వచ్చింది. "ఏటయ్యా, సప్పుడు నేదు?"

"నా లెక్క తప్పిందే. ముప్ఫై ఏళ్ళ లెక్క. ఇల్లు పట్టలేదు."

నూకాలు పట్టాల మీద వేళ్ళు పెట్టి మెల్లగా నడిపించింది. ఒక సొరంగం, రెండో సొరంగం, మూడోది. ఆవిడకి నవ్వొచ్చింది. "కొండెక్కుతూ లెక్కెట్టేవు కదా? గుమ్మంలోంచి రోజూ సూసీదాన్ని. మూడో సొరంగం కాడికి అలిసిపోయి నీ అడుగు జానెడైపోయీది. అడుగులెక్కువైతే నీ లెక్కలో దారి సాగదేటి?"

అవును కదా! ఒక్కరోజు కూడా దిగుతూ లెక్కపెట్టలేదు దాలయ్య.

"ఇల్లు ఇలాగియ్యి" అంది. ఇస్తే, అరచేతిలో పెట్టుకుని, ఆ చెయ్యి తలుపు చివరకి ఆనించి, మొహం దగ్గరగా వంచింది. "ఇప్పుడు తోలు."

దాలయ్య రైలుకి కీ ఇచ్చేడు. రైలు ఒక్కో సొరంగం దాటి, తలుపు చివర నూకాలు చేతికి తగిలి ఆగింది. మసకలోనే ఆవిడ ఎర్ర పెంకుల్ని చాలాసేపు చూసింది. "వచ్చేసేం" అంది. ఆ తర్వాత ఇద్దరూ బస్సెక్కేరు.

ఆపరేషన్ అయ్యేక మూడు రోజులు దాలయ్య అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు కట్టు విప్పేరు. "చూపు ఎలా ఉంది?" అని డాక్టరడిగితే "ఇంటికెళ్ళి సెప్తాను" అంది ఆవిడ! దారంతా దాలయ్య ప్రాణం అరచేతిలో పెట్టుకునే వచ్చేడు.

గుమ్మంలో అడుగు పెట్టింది. ఈసారి గోడ పట్టుకోలేదు. తిన్నగా పీటలమీది తలుపు చివరి వైపు చూసి, "అక్కడ ఇంకో సెక్క కొట్టు. ఎన్నాళ్ళని నా సెయ్యి పట్టమంటావు?" అంది. దాలయ్య సుత్తి వెతుకుతూ వెతుకుతూ ఏడ్చేసేడు.

రైలు సొరంగంలోకి, అమ్మలు దుప్పట్లోకి.
కథేమో కంచికి, కునుకేమో కంటికి.