కలిసి మోయరాని పల్లకి

మా ముత్తాత అప్పలాచార్యులుగారు వేసవిలో బాటసారులకు మజ్జిగ పోయించెడివారు. మా అమ్మమ్మ కామేశ్వరమ్మగారు వాడలోని ఆడపిల్లలకు అక్షరములు నేర్పిరి. ఈ కథ ఆమె చెప్పినదే.

పూర్వమొక రాజ్యమున దివాను భైరవయ్యకు నలుగురు పల్లకి బోయీలు ఉండిరి. మిట్టమధ్యాహ్నము కాళ్లు బొబ్బలెక్కుచున్నవనియు, ఆ వేళ విశ్రాంతి కావలెననియు వారు కలసి వేడుకొనిరి. దివాను మండిపడెను.

"జట్టు కడతారట్రా? ఇకమీదట మీరు కలిసి ఏ పని చేసినా కొలువు ఊడుతుంది!"

మరునాడు రాజుగారు వెంటనే రమ్మని కబురంపగా, దివాను పల్లకి ఎక్కెను. బోయీలలో పెద్దవాడైన గవరన్న తానొక్కడే ముందు కొస ఎత్తెను. పల్లకి ఒరిగి దివాను తలపాగా దొర్లిపోయెను. గవరన్న దించిన పిమ్మట రెండవవాడు ఎత్తెను. ఈసారి దివానే దొర్లెను.

"చచ్చానురా! నలుగురూ కలిసి ఎత్తండిరా!"

"అమ్మో, కొలువు ఊడదా దొరా? అందుకే ఒకరి తరువాత ఒకరం ఎత్తుతున్నాం," అనెను గవరన్న.

"రాజుగారు కాచుకొని ఉన్నారురా!"

"మేం కలిసి మోయాలంటే, కలిసి అడగనివ్వండి దొరా."

వీథిలోని జనము పకపక నవ్విరి. దివాను అక్కడికక్కడే ఆజ్ఞను రద్దుచేసి, మధ్యాహ్న విశ్రాంతికి ఒప్పుకొనెను. అప్పుడు నలుగురి భుజములు ఒక్కమారుగా లేచినవి. "ఓహోం" అను కేక వీథియెల్ల మారుమ్రోగెను.

నా నగలను మనుమరాండ్రకు వేరువేరుగా పంచితిని. ఈ కథను మాత్రము అందరినీ ఒకచోట కూర్చుండబెట్టి చెప్పితిని.