కొండకు రథాన్ని చేర్చిన కేక

అనగనగా, మనకన్నా ముందే తెల్లవారే జపాను దేశంలో, కొండ పాదాన, సముద్రపు ఒడ్డున ఒక ఊరుండేది. ఏటా పండుగనాడు ఊరివాళ్లు పెద్ద చెక్కరథాన్ని తాళ్లతో లాగి కొండమీది గుడికి చేర్చేవారు. రథంమీద వేణువు, డోలు మోగేవి. పట్టుబట్టలు కట్టుకుని ఊరిపెద్ద గొంజో కూడా రథంమీదే కూర్చునేవాడు. లాగేది మాత్రం జనం!

రానురాను పడుచువాళ్లు తాడు వదిలేశారు. రేవులో రెంజి అనే యువకుడు కరెంటు గిటారు వాయిస్తుంటే అక్కడ చేరి గంతులేసేవారు.

గొంజో మండిపడ్డాడు. "ఈ ఏడు పండుగనాడు పొద్దుగూకేలోగా రథం గుడి చేరకపోతే కొట్టంలో పెట్టి తాళం వేయిస్తాను. డోలు కూడా అందులోకే!"

ఆ మాట షినో గుండెల్లో గుచ్చుకుంది. షినో పాత నాటకశాలలో డోలు వాయించే పిల్ల. పండుగకు రథంమీద డోలు వాయించేదీ ఆమే. డోలే ఆమె ప్రాణం.

"రెంజిని పిలుద్దాం, పెద్దయ్యా!" అంది.

"ఆ గోల రథమెక్కితే దేవుడు దిగిపోతాడు!"

"దేవుడెందుకు దిగుతాడు? మీరు దిగండి, బరువు తగ్గుతుంది!"

జనం గొల్లున నవ్వారు.

పండుగ వచ్చింది. మొదట పాత పాటే మోగింది. ముసలి చేతులే లాగాయి. మొదటి మలుపులోనే రథం ఆగిపోయింది.

రెండోసారి జనం పట్టుబట్టి రెంజిని ఎక్కించారు. అతని దరువుపెట్టె బ్యాటరీతో టకటకా మోగింది. గిటారు గర్జించింది. పడుచువాళ్లు పరుగున వచ్చి తాడు పట్టారు. ఏం ఊపు! ఏం ఊపు! కానీ యంత్రం ఎవరి ఆయాసం కోసమూ ఆగదు కదా! ఎత్తు పెరిగేకొద్దీ ఒకడు లాగుతుంటే ఒకడు రొప్పాడు. రథం మూరెడు వెనక్కి జారింది. గబగబా చక్రాలకింద రాళ్లు పెట్టారు.

"చూశారా? తాళంచెవి తెండి!" అని అరిచాడు గొంజో.

అప్పుడు షినోకి నాటకశాల గుర్తొచ్చింది. అక్కడ నటుడి అడుగు పడేదాకా డోలువాళ్లు "యో..." అని కేక సాగదీస్తారు. అడుగు పడగానే "హో!" అని దెబ్బ వేస్తారు.

"రెంజీ, పెట్టె ఆపు! నా కేక పట్టుకో!"

"ఎంతసేపు సాగదీస్తావు? నాకెలా తెలుస్తుంది?"

"నన్ను కాదు, తాడు పట్టినవాళ్లను చూడు. వాళ్ల ఊపిరే మన దరువు!"

"యో..." అంది షినో. గిటారు కూడా ఆ కేకతోపాటు సాగింది. జనం గుండెలనిండా గాలి పీల్చుకున్నారు.

"హో!"

డోలు, వేణువు, గిటారు, వందల పాదాలు ఒక్కసారిగా! రథం కదిలింది! మళ్లీ "యో..." మళ్లీ "హో!" కొండ దద్దరిల్లింది!

గుడి వాకిట ఆఖరి ఎత్తులో రథం మొరాయించింది. సూర్యుడు సముద్రాన్ని తాకుతున్నాడు. తాడు పట్టిన ముసలమ్మ ఒకతె తలెత్తి, "ఏం నాయనా గొంజో, ఇంకా బరువుగానే ఉంటావా?" అంది.

గొంజో ముఖం ఎర్రబడింది. పట్టుబట్ట ఎగ్గట్టి కిందికి దూకాడు. షినో "యో..." అనగానే అందరికన్నా గట్టిగా "హో!" అన్నది అతనే!

రథం గుడి చేరింది. గొంజో చేతిలో తాళంచెవి లేదు. తాడు ఉంది.

పాతదానికి తాళం వేస్తే చస్తుంది, పదిమందికి పంచితే బతుకుతుంది. కొత్తది పక్కవాడి ఊపిరి వింటేనే గెలుస్తుంది.