బొట్టుకు సరిపడే ముద్ద

నరసాపురంలో వేదవల్లి అనే సంగీతం టీచరు ఉండేది. మనసు మంచిదే కాని, తన ఒంటికి పడింది లోకంలో అందరి ఒంటికీ పడుతుందని నమ్మేది.

ఆమె పొద్దున్నే మెంతులు నానబెట్టిన నీళ్ళు తాగేది. పాఠానికి వచ్చిన పిల్లలందరికీ ముందు అవే తాగించేది. పక్కింటి మార్తమ్మ మోకాళ్ళు నొప్పులంటే తను వాడే తైలమే సీసా నిండా పంపింది. అది పడక మార్తమ్మ కాళ్ళకు దద్దుర్లు వచ్చాయి. "ఇంకొన్నాళ్ళు రాయవలసింది, మధ్యలో మానేశారు" అన్నది వేదవల్లి. మార్తమ్మ నవ్వి ఊరుకుంది. ఆమె ఇచ్చే ప్రతిదాని వెనకా ప్రేమ ఉందని వీధిలో అందరికీ తెలుసు.

వేదవల్లి పెళ్ళి చేసుకోలేదు. పాఠాలు ముగిసి పిల్లలు వెళ్ళిపోతే ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఒక వానాకాలం ఉదయం ఆమె పెరట్లోకి వెళ్ళేసరికి వేణ్ణీళ్ళ పొయ్యిలో, ఆరిపోయిన బూడిదలో, ఒక పిల్లికూన ముడుచుకుని పడుకుని ఉంది. గుడ్డతో తుడిస్తే బూడిద కింద తెల్లటి ఒళ్ళు బయటపడింది. నుదుట మాత్రం నల్లటి మచ్చ ఉంది. వేదవల్లి దానికి బొట్టు అని పేరు పెట్టింది.

ఆ రోజు నుంచి ఇల్లు మారిపోయింది. వేదవల్లి తంబురా మీటుతుంటే బొట్టు వచ్చి ఆమె ఒళ్ళో చేరేది. పిల్లలు పాడుతుంటే నిద్రపోయేది, పాట ఆగితే కళ్ళు తెరిచేది. "చూశారా, నా పిల్లికి కూడా జ్ఞానం ఉంది" అని వేదవల్లి మురిసిపోయేది.

బొట్టుకు ఆమె తను తినేదే పెట్టేది. పొద్దున పాలు, మధ్యాహ్నం నెయ్యి వేసిన పప్పన్నం, సాయంత్రం పెరుగన్నం. గోళీలంత ముద్దలు చేసి, అరచేతిలో పెట్టి తినిపించేది. వేదవల్లి పుట్టిన ఇంట్లో మాంసం, చేప ఎవరూ ముట్టేవారు కాదు. ఆమె ఇంట్లోనూ అంతే. పిల్లి మాత్రం వేరేగా ఎందుకు తినాలన్నది ఆమె ప్రశ్న.

బొట్టు కాస్త పెద్దదయ్యాక గోడ దూకడం నేర్చుకుంది. గోడ అవతల మార్తమ్మ పెరడు. మార్తమ్మ లేసు అల్లకం నేర్పుతూ, టైగర్ అనే కుక్కతో ఉండేది. పేరుకే టైగర్; బొట్టును చూస్తే అదే పక్కకు తప్పుకునేది. ఒక ఆదివారం మార్తమ్మ పెరట్లో కూర్చుని చేపలు శుభ్రం చేస్తుంటే బొట్టు ఆమె ఎదుట కూర్చుని సన్నగా అరిచింది. మార్తమ్మ ఒక చిన్న ముక్క వేసింది. బొట్టు దాన్ని ఆబగా తిని, మళ్ళీ ఆమె ముఖంలోకి చూసింది.

గోడ మీదుగా వేదవల్లి అది చూసింది.

"మార్తమ్మగారూ, నా పిల్లిని పాడుచేయకండి" అన్నది గట్టిగా.

"నేను పిలవలేదు టీచరుగారూ, అదే వచ్చింది" అన్నది మార్తమ్మ. "ఆకలిగా ఉందేమోనని వేశాను."

"ఆకలా? ఇప్పుడే నెయ్యన్నం తిన్నది. అలవాటు చేస్తే దేని రుచైనా మరుగుతుంది. నేను పెంచిన పిల్లి నేను పెట్టింది తింటుంది."

 మార్తమ్మ బొట్టును రెండు చేతులతో ఎత్తి గోడ మీదుగా అందించింది.

మరునాడే వేదవల్లి కిటికీలకు వల కొట్టించింది. పెరటి తలుపు మూసే ఉంచింది. బొట్టు కొన్నాళ్ళు తలుపు దగ్గర కూర్చుని గీరింది. తరవాత గీరడం మానేసింది. "చూడు, ఎంత బుద్ధిగా ఉందో" అనుకుంది వేదవల్లి.

నెలలు గడిచాయి. బొట్టు బుద్ధిగానే ఉంది, కాని ఆడుకోవడం లేదు. మెరిసే బొచ్చు గరుకుగా తయారైంది. నాలుగడుగులు పరిగెత్తితే నోరు తెరిచి ఆయాసపడేది. వేదవల్లికి దిగులు పట్టుకుంది. బలం చాలడం లేదనుకుని పాలు ఇంకొంచెం పోసింది, నెయ్యి ఇంకొంచెం వేసింది. ఆ పాలు పడక బొట్టుకు విరేచనాలు పట్టుకున్నాయి.

ఒక రోజు పాఠం జరుగుతోంది. పిల్లలు పాడుతున్నారు. బొట్టు ఎప్పటిలాగే బీరువా మీంచి కిటికీ గట్టు మీదికి దూకింది. గట్టు అందలేదు. తంబురా మీద పడి, అక్కడి నుంచి నేల మీద పడింది. పిల్లలు పాట ఆపేశారు. బొట్టు లేచి నడవబోయి గోడకు గుద్దుకుంది. వెనక్కి జరిగి, మళ్ళీ అదే గోడకు గుద్దుకుంది.

వేదవల్లి దాని ముఖం ముందు చెయ్యి ఆడించింది. బొట్టు కనురెప్ప వేయలేదు.

ఆమె పిల్లల్ని పంపేసి, బొట్టును తువ్వాల్లో చుట్టి వీధిలోకి వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ మార్తమ్మ ఆమె ముఖం చూసింది. చెప్పులు వేసుకుని, ఆటోను పిలిచి, తనూ ఎక్కింది.

పశువుల ఆస్పత్రిలో నస్రీన్ అనే డాక్టరమ్మ ఉంది. ఆమె బొట్టు కళ్ళలోకి లైటు వేసి చూసింది. గుండె చప్పుడు చాలాసేపు విన్నది. తరవాత మెల్లగా అడిగింది.

"అమ్మా, దీనికి ఏం పెడుతున్నారు?"

"అన్నీ మంచివే పెడుతున్నానండీ. పాలు, పప్పు, పెరుగు, ఇంట్లో కాచిన నెయ్యి. బయటి తిండి ఒక్క మెతుకు పెట్టను."

"మాంసం, చేప?"

"మా ఇంట్లో అవి రావు."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మీరు ప్రేమగా చూసుకుంటున్నారని దీన్ని పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది. కాని మన ఒళ్ళు వేరు, దీని ఒళ్ళు వేరు. పిల్లి కంటికి, గుండెకు కావలసిన పదార్థం ఒకటుంది. మనలాంటివాళ్ళం చాలావరకు దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటాం. పిల్లి అంతగా చేసుకోలేదు. మాంసంలోంచి, చేపలోంచి తెచ్చుకోవాలి. పప్పులో అది లేదు. పెరుగులో ఉన్నది దానికి ఏ మూలకూ చాలదు. బొట్టుకు చిన్నప్పటి నుంచి అది అందలేదు."

"అందుకే చూపు పోయిందా?" అని అడిగింది వేదవల్లి.

"చాలావరకు పోయిందమ్మా. పోయింది తిరిగి రాదు. ఉన్న కొంచెం నిలబడొచ్చు. గుండె కూడా బలహీనపడింది, కాని సరైన తిండి, నేనిచ్చే మందు పడితే అది కోలుకునే అవకాశం ఉంది."

"మందు ఒక్కటే చాలదా? నేను మానకుండా వేస్తాను."

"లోటు ఒక్కటైతే మందుతో పూడ్చవచ్చు. దీనికి మాంసంలోంచి రావలసినవి ఇంకా చాలా ఉన్నాయి. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన కోడి మాంసం, కొంచెం చేప, ముళ్ళూ ఎముకలూ తీసి పెట్టాలి. లేదా పిల్లుల కోసమే తయారుచేసిన మంచి మేత ఉంటుంది, అదైనా పెట్టాలి. అదీ మాంసంతో చేసిందే. ముందు ఇది తినడం మొదలుపెట్టాలి. పిల్లి రోజుల తరబడి తినకపోతే ప్రాణం మీదికి వస్తుంది."

ఇదంతా విన్న మార్తమ్మ, "మా టైగర్ మాత్రం నయమండీ. నేను తినే చేపల పులుసు, ఎముకలు, టీలోకి బిస్కెట్లు, అన్నీ తింటుంది" అన్నది.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "దాని ఒంటి మీద దురద ఉందా? బొచ్చు రాలుతోందా?"

"ఉందండీ" అన్నది మార్తమ్మ, గొంతు తగ్గించి.

"పులుసులో వేసే ఉల్లి, వెల్లుల్లి కుక్కలకీ పిల్లులకీ మంచివి కావు. ఉడికిన ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. బిస్కెట్లలో తీపి, పిండి తప్ప ఏముంది? రేపు దాన్ని కూడా తీసుకురండి."

ఇల్లు చేరాక వేదవల్లి ఆటో దిగి, తువ్వాల్లో ఉన్న బొట్టును మార్తమ్మ చేతుల్లో పెట్టింది.

"మీరు ఉంచుకోండి మార్తమ్మగారూ. దానికి కావలసింది మీ ఇంట్లో ఉంది. నా వల్ల కాదు."

"చూపు ఆనని పిల్లి టీచరుగారూ. మీ ఇంట్లో ప్రతి మూలా దానికి తెలుసు. ఇక్కడ ఏం తెలుసు?"

"నేర్చుకుంటుంది. బతికుంటే చాలు" అని వేదవల్లి వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె తంబురా ముట్టుకోలేదు. మరునాడు పిల్లలకు పాఠం చెబుతుంటే గోడ అవతల నుంచి బొట్టు అరుపు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి. వేదవల్లి పాట మధ్యలో చరణం మరిచిపోయింది. మధ్యాహ్నానికి ఆ అరుపు కూడా ఆగిపోయింది. అప్పుడు ఆమె ఉండబట్టలేక మార్తమ్మ ఇంటికి వెళ్ళింది.

బొట్టు మంచం కింద మూలకు నక్కి ఉంది. దాని ఎదుట పళ్ళెంలో ఉడికించిన చేప, ముట్టకుండా అలాగే ఉంది.

"నిన్నటి నుంచి ఇదే వరస" అన్నది మార్తమ్మ. "ముళ్ళన్నీ తీశాను, మెత్తగా చిదిమాను. వాసన చూస్తుంది, ముఖం తిప్పేసుకుంటుంది. కొత్త చోటు, కళ్ళు కనపడవు, భయపడిపోయింది. టీచరుగారూ, అది చేప కోసం చూడటం లేదు. మీ కోసం చూస్తోంది."

వేదవల్లి నేల మీద కూర్చుంది. "బొట్టూ" అని పిలిచింది. బొట్టు చెవులు నిక్కాయి. తడుముకుంటూ, మంచం కోడుకు గుద్దుకుంటూ వచ్చి, ఆమె అరచేతిలో ముక్కు పెట్టి వెతికింది. ఎప్పుడూ ముద్ద ఉండే చోటు అది. అక్కడ ఏమీ లేదు.

వేదవల్లి పళ్ళెం వైపు చూసింది. ఆమె చెయ్యి పుట్టి బుద్ధెరిగాక అలాంటిదాన్ని తాకలేదు. తల్లి గుర్తొచ్చింది, తల్లి కట్టుకున్న మడిచీర గుర్తొచ్చింది. అరచేతిలో బొట్టు ముక్కు చల్లగా తగులుతోంది.

మార్తమ్మ పళ్ళెం ముందుకు జరపలేదు.

వేదవల్లే చెయ్యి చాపి పళ్ళెం దగ్గరికి లాక్కుంది. పెదవులు బిగించి, చేపను వేళ్ళతో చిదిమి, పెరుగన్నం కలిపినట్టే కలిపింది. గోళీ అంత ముద్ద చేసి అరచేతిలో పెట్టింది. బొట్టు వాసన చూసింది. గరుకు నాలుకతో ఒకసారి నాకింది. తరవాత తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. ముద్దలు అయిపోయాక ఆమె వేళ్ళన్నీ ఒక్కొక్కటిగా నాకి శుభ్రం చేసింది.

వేదవల్లి కళ్ళ నుంచి నీళ్ళు జారాయి. "ఇన్నాళ్ళూ నా తృప్తి కోసం పెట్టాను మార్తమ్మగారూ" అన్నది. "దాని ఆకలి ఏమిటో ఒక్కనాడూ చూడలేదు. మీరు చూశారు. మీ మీదే కోప్పడ్డాను."

"నేను మాత్రం? మా టైగర్ బిస్కెట్టు తింటే ముచ్చటపడ్డాను, అది ఒళ్ళు గోక్కుంటుంటే చూడలేదు. లేవండి, చేతులు కడుక్కుందురుగాని" అని మార్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, తనే ఆమె చేతుల మీద పోసింది.

ఆ సాయంత్రమే బొట్టు తన ఇంటికి వచ్చేసింది. వేదవల్లి పెరటి వసారాలో చిన్న పొయ్యి పెట్టించింది. దానికి వేరే గిన్నె, వేరే గరిటె. మార్తమ్మ మాంసమో చేపో శుభ్రం చేసి గోడ మీదుగా అందిస్తుంది. వేదవల్లి ఉడికించి, ఎముకలు తీసి, చేత్తో తినిపిస్తుంది. తరవాత చేతులు శుభ్రంగా కడుక్కుని తన పప్పన్నం తను తింటుంది. ఒకసారి చెల్లెలు వచ్చి ఆ పొయ్యి చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏమిటక్కా, నీ ఇంట్లో చేపలా?"

"నాకు కాదు, దానికి" అన్నది వేదవల్లి. "నేనేమీ మారలేదు. దాన్ని మార్చాలని చూడటం మానేశాను, అంతే."

బొట్టు గుండె నెమ్మదిగా కుదుటపడింది. ఆయాసం తగ్గింది, బొచ్చులో మళ్ళీ నునుపు వచ్చింది. చూపు మాత్రం వెలుగు నీడలు తెలిసేంతవరకే మిగిలింది. ఇప్పుడది ఎత్తులు దూకదు. వేదవల్లి గొంతు ఎటు వినిపిస్తే అటు నడుస్తుంది. ఆమె కూడా ఇంట్లో తిరిగేటప్పుడు ఏదో ఒకటి కూనిరాగం తీస్తూనే ఉంటుంది. గోడ అవతల టైగర్ బిస్కెట్ల కోసం కొన్నాళ్ళు అలిగింది. తరవాత ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, క్యారెట్టు కలిపిన అన్నానికి అలవాటుపడింది. దాని దురద తగ్గింది.

ఆ ఏడాది వేసవిలో ప్రణవి అనే శిష్యురాలు బుట్టలో కుక్కపిల్లను తెచ్చి చూపించింది.

"టీచరుగారూ, దీనికి రోజూ నేను తినే చాక్లెట్టులో సగం పెడతాను. నాకది ఎంత ఇష్టమో తెలుసా?"

వేదవల్లి ఒకప్పుడైతే వెంటనే తనకు తోచింది చెప్పేది. ఇప్పుడు ప్రణవిని పక్కన కూర్చోబెట్టుకుని, బొట్టును ఆమె ఒళ్ళో పెట్టింది.

"చాక్లెట్టు కుక్కలకు విషంతో సమానమట తల్లీ, డాక్టరమ్మ చెప్పింది. దీని కళ్ళు చూడు. దీన్ని నేను తిట్టలేదు, కొట్టలేదు, ఒక్కపూట పస్తు పెట్టలేదు. నాకు ఇష్టమైనదే పెట్టాను. అందుకే ఇలా అయింది. రేపు మనం నీ కుక్కపిల్లను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దాం. దానికేం కావాలో తెలుసుకుని, అదే పెడదాం."

ప్రణవి బొట్టు తల నిమిరి, సరేనన్నది.

నీతి: ప్రేమగా పెట్టినంత మాత్రాన తిండి మంచిదైపోదు, మనల్ని నమ్ముకున్న మూగప్రాణికి మనకు నచ్చింది కాక, దాని ఒంటికి సరిపడేది తెలుసుకుని పెట్టడమే నిజమైన ప్రేమ.