కాగితం తెగకుండా

ఏసోబుకి ఒకటే బాధ. మీరావలి ఉస్తాద్ తన పనికి ఇంకా వీపు పెట్టలేదు.

ఇదేం బాధ అనుకుంటారేమో. ఒంగోల్లో ఆ ఉస్తాద్ దగ్గర బోర్డుల పని నేర్చుకున్నవాళ్లనడగండి, చెప్తారు. శిష్యుడు బోర్డు మీద అక్షరాలు అతికిస్తుంటే ఉస్తాద్ పక్కనే నిలబడి కళ్లప్పగించి చూస్తాడు. ఏదో ఒక రోజు మాత్రం స్టూలు అటు తిప్పుకుని, బోర్డుకి వీపు పెట్టి కూర్చుని, తాపీగా టీ తాగుతాడు. అంతే. ఇక ఆ శిష్యుడు సొంత షాపు తెరుచుకోవచ్చు. శాలువా కప్పడాలూ సర్టిఫికెట్లూ ఏమీ ఉండవు.

ఏసోబు కందుకూరులో షాపుకి గది కూడా చూసుకున్నాడు. "మీ ఉస్తాద్ అటు తిరిగేదెప్పుడు బావా?" అని బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా ఆటపట్టిస్తున్నాడు. ఏసోబుకి ఒళ్లు మండిపోతోంది.

ఒకరోజు మధ్యాహ్నం టీ గ్లాసు అందిస్తూ అడిగేశాడు. "నా పనిలో ఏం తక్కువైంది ఉస్తాద్? లేజరు మెషీను నా చేతిలో ఎలా ఆడుతుందో మీరు చూడట్లేదా?"

"చూస్తున్నాను."

"మరి?"

"కుట్టు సెంటరు బోర్డు మొదలుపెట్టు. రేపు పొద్దున్నే వాళ్ల ప్రారంభం," అన్నాడు ఉస్తాద్.

నల్ల ఫోమ్ టేపులో అక్షరాలు కోసి తెల్ల పలక మీద అతికించాలి. ఫోమ్ టేపు స్పాంజిలా మెత్తగా ఉంటుంది. వెనక జిగురు, ఆ జిగురుకి ఓ మైనపు కాగితం. లేజరు ఫోమునీ జిగురునీ కోసి, కాగితం దగ్గర ఆగాలి. అలా ఆగితే పేరంతా ఆ కాగితం మీదే ఎక్కడి అక్షరం అక్కడ ఉంటుంది. అక్షరాల చుట్టూ ఉన్న తుక్కు పీకేసి, పైన ఓ పల్చటి టేపు పరిచి, కింద కాగితం లాగేసి, మొత్తం ఒక్కసారే అతికించేస్తారు.

ఆ ఆగడమే ఏసోబుకి గిట్టదు. "సగం కోసి వదిలేయడం పిరికివాళ్ల పని ఉస్తాద్. నేను కోస్తే అడుగుదాకా తెగాలి," అని పవర్ పెంచాడు.

తెగింది. అంచులు నున్నగా, చూడముచ్చటగా వచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే ఏ అక్షరానికా అక్షరం ఊడిపడింది. 'శిక్షణ కేంద్రం' అంటే మాటలా? ఒత్తులూ సున్నలూ మెషీను జాలీ సందుల్లోకి జారిపోయాయి. ఏసోబు వాటన్నిటినీ ఏరుకొచ్చి, బల్ల మీద స్కేలు పెట్టి, కళ్లు చిట్లించి, ఎలాగో వరసలో పేర్చాడు.

"చూడండి ఉస్తాద్. ఎక్కడైనా వెంట్రుకవాసి వంకరుంటే చెప్పండి."

ఉస్తాద్ వంగి చూశాడు. "అంచు బాగా వచ్చింది," అన్నాడు. ఆ మెచ్చుకోలు నిజమే. తర్వాత భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుని, గోడ దగ్గరికెళ్లి ఫ్యాను స్విచ్చి వేశాడు.

ముక్కలన్నీ లేచాయి. సున్న ఒకటి వెళ్లి టీ గ్లాసులో పడింది. 'ణ' గుమ్మం దాకా దొర్లింది.

"ఉస్తాద్, ఫ్యాను," అంటూ ఏసోబు రెండు చేతులూ బల్ల మీద బోర్లించాడు. అప్పటికే సగం నేల మీదున్నాయి.

ఉస్తాద్ ఫ్యాను ఆపలేదు. తుక్కు ఫోము మీద పొద్దున తాను కోసిపెట్టిన మాటొకటి అరలోంచి తీసి, అదే బల్ల మీద పెట్టాడు. కాగితం అంచు టపటపలాడింది. అక్షరాలు కదల్లేదు. చేత్తో పట్టుకుని దులిపాడు, తలకిందులు చేశాడు. ఊహూ, కదల్లేదు.

ఏసోబుకి సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు.

"లేజరుకి కోయడమొక్కటే వచ్చు నాయనా," అన్నాడు ఉస్తాద్. "ఆపడానికే మనల్ని పెట్టుకుంది."

ఇక ఫోము ఒక్క షీటే మిగిలింది. మళ్లీ కావాలంటే విజయవాడ నుంచి రావాలి. ఇది కూడా పాడైతే సెంటరు పెడుతున్న రంగనాయకమ్మగారు ఉత్త పలక ముందే కొబ్బరికాయ కొట్టుకోవాలి. కందుకూరు గది సంగతి సరేసరి.

ఏసోబు ఈసారి తుక్కు మీద కోసి చూసుకున్నాడు. కాగితం తిప్పి వెనక చూస్తే కాలిన గీత. పవర్ తగ్గించాడు. మరీ తగ్గేసరికి ఫోము తెగక సాగింది. కొంచెం పెంచాడు. మళ్లీ తగ్గించాడు. చివరికి ఫోము తేలిగ్గా ఊడింది, కాగితం వెనక మచ్చ లేకుండా తెల్లగా ఉంది. అప్పుడు షీటు పెట్టాడు.

'శిక్షణ' దాకా మెషీను నిక్షేపంగా నడిచింది. ఇంతలో రంగనాయకమ్మగారే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అయిపోయిందా అబ్బాయ్? పలక బిగించేసి మీ కోసమే చూస్తున్నాం."

"అయిపోవచ్చిందండీ," అన్నాడు ఏసోబు. ఇంకొక్క మాటే ఉంది. సరిగ్గా అప్పుడే షీటు మూల వేడికి ఓ పిసరు లేచింది. ఆవిడకైతే కనబడనే లేదు. షీటు లేస్తే లేజరు కోత లోతు మారిపోతుంది.

ఏసోబు మెషీను ఆపాడు.

"అదేంటి, ఆపేశావేం?"

"ఒక్క నిమిషమమ్మా." మూల నొక్కి, దాని మీద టేపు వేసి, పక్కనున్న తుక్కు మీద ఇంకో గీత కోసి, కాగితం వెనక చూసుకుని, అప్పుడు మళ్లీ నడిపించాడు. మాటంతా తెగాక తుక్కు పీకేసి, పైన పల్చటి టేపు పరిచాడు. ఉస్తాద్ తన స్టూలు చంకలో పెట్టుకుని సెంటరు వైపు ముందు నడిచాడు.

సెంటరు దగ్గర ఏసోబు నిచ్చెనెక్కాడు. కాగితం ఒక్క లాగుకి చిరగకుండా వచ్చేసింది. అక్షరాలన్నీ పై టేపుని పట్టుకుని వరసగా ఉన్నాయి. ఒకసారి అతికిందంటే ఇక సర్దడానికుండదు.

"వరస సరిగ్గా ఉందా ఉస్తాద్?"

ఏసోబు మెడ తిప్పి కిందికి చూశాడు. ఉస్తాద్ రోడ్డు వైపు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఏసోబుకి కనిపిస్తున్నది ఆయన వీపు.

"నన్నడుగుతావేం," అన్నాడు ఉస్తాద్ తిరక్కుండానే. "నేను టీ తాగుతున్నాను."